నాలుగు వేళ్ళు తక్కువ పిడి

హిందూపురం పాత బజారులో వెంకటరామయ్య తాళ్ళ అంగడికి పోతే ముందుగా కంటబడేది బల్ల అంచున కొట్టిన రెండు ఇత్తడి మేకులు. వాటి మధ్య దూరం ఒక మూర. ఆయన మూర కాదు, వాళ్ళ నాయన మూర. నాయన పొడుగు చేతుల మనిషి. మోచేయి నుంచి నడివేలి కొసదాకా తాడు కొలిచి ఇచ్చాడంటే కొన్నవాళ్ళకు కడుపు నిండేది. ఆయన పోయాక, ఇరవై రెండేళ్ళ వెంకటరామయ్య బల్ల వెనక కూర్చుని కొలవడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే గొడవ వచ్చింది. కొడుకు చేతులు పొట్టివి. మూరకు నాలుగు వేళ్ళు తక్కువ. "నీ మూర మాకొద్దప్పా. మీ నాయన మూర ఉంటే ఇయ్యి, లేకుంటే పోతాండా" అని లేపాక్షి రైతొకాయన పదిమందిలో అనేశాడు. వెంకటరామయ్యకు తల కొట్టేసినట్టయింది. నాయన కొలిచి కట్టి పెట్టిన పాత తాడు ముక్క ఒకటి వెతికి పట్టుకుని, దాని పొడుగుకు సరిగ్గా ఆ సాయంత్రమే రెండు మేకులు కొట్టాడు. అవి ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

ఆ అంగట్లో పగ్గాలు, చేదతాళ్ళు, పట్టుపురుగుల షెడ్లలోకి ఈగ రాకుండా కట్టే నైలాన్ వలలు ఉంటాయి. వాటి పక్కనే గాలాలు, రీళ్ళు, చేపలు పట్టే రాడ్లు. ఉల్లిపాయ కూడా పండగనాడు వంటింట్లోకి రానివ్వని శెట్టిగారి ఇంటికి చేపల సామాను వ్యాపారమేమిటి అంటారా? జనం అడిగారు, తెచ్చి పెట్టారు, అంతే. హంద్రీ-నీవా కాలవ నీళ్ళు వచ్చి ఈ చుట్టుపక్కల చెరువులు నిండాక అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అమ్మడం వేరు, తినడం వేరు అని వాళ్ళింట్లో అందరికీ తెలుసు.

చెప్పొద్దూ, రాడ్డుకు పిడి కుదర్చడంలో వెంకటరామయ్యను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. పది కేజీల చేప మీదికి పోయేవాడికి ఏ పిడి కావాలో కంపెనీవాడికేం తెలుసు? అందరికీ ఒకటే పొడుగు చేసి పంపిస్తాడు. వెంకటరామయ్య అట్లా ఇవ్వడు. ముందు మనిషిని నిలబెట్టి, రాడ్డు చేతికిచ్చి, మోచేయి వంచమంటాడు. "ఏ చేత్తో అన్నం తింటావప్పా? నిలబడి పడతావా, కూచోని పడతావా?" అని అడుగుతాడు. రీలు పట్టుకున్న చేతి నుంచి వెనక్కి పోయే పిడి మోచేయి దాటి నాలుగు వేళ్ళు ఉండాలని ఆయన లెక్క. రోజంతా విసిరేవాడికి బరువు తగ్గేట్టు మధ్యలో ఖాళీ వదిలిన రెండు ముక్కల పిడి. పెద్ద చేప కోసం కాచుకుని కూర్చునేవాడికి ఒకే ముక్కగా పొడుగాటి పిడి. చెయ్యి చెమర్చేవాడికి కార్కు. ఎండలో రాళ్ళ మీద పారేసే మొరటువాడికి నల్ల ఫోమ్. పాత పిడి కోసి, కొత్తది జిగురుపెట్టి, దారం చుట్టి ఇస్తాడు. ఆ రాడ్డు పట్టుకుని పోయినవాడు మళ్ళీ ఇంకో అంగడి గడప తొక్కడు.

ఇంత చెప్పే మనిషి పదకొండో ఏడు తర్వాత ఒక్కసారి కూడా గాలం నీళ్ళలో వెయ్యలేదంటే నమ్ముతారా?

ఆ పదకొండో ఏట వేసవి సెలవులకు అమ్మతో పెనుకొండలో అవ్వ ఇంటికి పోయాడు. చెరువు కట్ట మీద ఊరి పిల్లలు పడుతుంటే చూసి, తనూ గుండుసూది వంచి, జొన్నదంటుకు దారం కట్టి, పిండిముద్ద గుచ్చి వేశాడు. వేలెడంత పరిగె చేప పడింది. పడినదానికి కాదు ఆ పిల్లవాడు మైమరచిపోయింది. పడే ముందు జొన్నదంటు అరచేతిలో టకటకమని కొట్టుకుంది. లోపలి గదిలోంచి ఎవరో తలుపు తట్టినట్టు. కనపడని నీళ్ళ అడుగున ఒక ప్రాణం ఉంది, అది తన చేతితో మాట్లాడుతోంది. ఆ సంబరంలో చేపను తెచ్చి వంటింట్లో మంచినీళ్ళ చెంబులో వేశాడు. దాచడానికి ఇల్లంతటిలో వాడికి ఆ చెంబే దొరికింది మరి! అమ్మ దాహమేసి చెంబు ఎత్తింది. పెదవికి చేప తగిలింది.

ఇక చూడండి. అమ్మ రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇల్లంతా కడిగించింది. మూడో రోజు కొడుకును పిలిచి, "నా చేతిలో చెయ్యెయ్యి. ఇంక గాలం నీళ్ళల్లో ఎయ్యనని చెప్పు. చెప్తేనే నేను అన్నం తినేది" అంది. ఆకలికి ఆమె కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పిల్లవాడు చెయ్యి వేసి చెప్పాడు. చెప్పాడు కాబట్టి నిలబడ్డాడు. కానీ అరచేతిలో ఆ టకటక పోలేదే! పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఇప్పటికీ ఎవడైనా అంగట్లో నిలబడి "లాగింది చూడు సెట్టీ, రాడ్డు విల్లయిపాయె" అని మొదలుపెడితే తాడు కొలిచే చెయ్యి ఆగిపోతుంది. ఆ మాటలు విన్న రోజు వెంకటరామయ్యకు అన్నం సయించదు.

అంగడి మూలన ఒక రాడ్డు ఉంది. తొమ్మిదేళ్ళుగా ఉంది. బరువైన చేపలకు పనికొచ్చే పెద్ద రాడ్డు. ఎవరిదంటే, "ధర్మవరం ఆయనది. ఆర్డరిచ్చి పోయినాడు, వస్తాడు" అంటాడు వెంకటరామయ్య. ఆ ధర్మవరం ఆయన రాలేదు. పిడి మాత్రం మారుతూ వచ్చింది. మొదట నల్ల ఫోమ్ వేశాడు. ఏడాదికి అది బాగా లేదని తీసి రెండు ముక్కల కార్కు వేశాడు. అదీ నచ్చక, తుపాకి పిడి మాదిరి వంపుది ఒకటి తెప్పించి, పట్టి చూసి, మరుసటి వారమే పీకేశాడు. చివరికి ఒకే ముక్క కార్కు, దాని రెండు కొనలకూ ధర్మవరం పట్టు దారం చుట్టు. ఎర్రది, అంచున సన్నగా పసుపు. "ఆయన మనసు మారిందంట" అని భార్య కస్తూరికి చెప్పేవాడు. ఆమె ఊఁ అని ఊరుకునేది. నిజమేమిటంటే పిడి తేలితే ఇక బయల్దేరాల్సి వస్తుంది. బయల్దేరడానికి లేదు కాబట్టి పిడి తేలలేదు.

పోయిన ఏడు అమ్మ పోయింది. కర్మకాండలు అయిపోయాక ఒక రోజు వెంకటరామయ్య ఆ రాడ్డు ముందు చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ బతికి ఉన్నప్పుడు, ఎప్పుడో ఒకరోజు ఆమె నవ్వి, ఆ మాట ఇంక వదిలేయిరా అంటుందని ఒక మూల ఆశ ఉండేది. ఇప్పుడు ఎవరిని అడగాలి? చనిపోయినవాళ్ళకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి ఉండదు. తల్లి మీద దిగులు, చెరువు మీద దిగులు కలిసిపోయి, ఏది దేనికోసమో తెలియకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ పట్టు దారం తెచ్చి ఇచ్చిన మనిషి ఇస్సాకు. పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరులో చేపలు పట్టి, ధర్మవరం తీసుకుపోయి అమ్ముకుంటాడు. వెంకటరామయ్య ఈడువాడే. గాలాలకని వచ్చి గంటసేపు కూర్చుని, చేపల సంగతులన్నీ చెప్పి పోవడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఎదుటివాడి మొహంలో ఆకలి కనిపెట్టలేనంత అమాయకుడేం కాదు.

మొన్న మాఘమాసంలో వచ్చినప్పుడు ఇస్సాకు ఆ రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పిడి చివర టేకు గుబ్బ ఉంది. వెంకటరామయ్య ప్రత్యేకంగా చెక్కించి, నూనె పట్టించి బిగించింది.

"ఇదేం సెట్టీ, ఇంత గట్టిది ఏసినావు? రబ్బరు బుడిపె ఎయ్యి. కడుపుకు తగుల్తాది."

"కడుపుకెందుకు తగుల్తాదప్పా? పిడి ఉండేది మోచేయి కింద గదా."

ఇస్సాకు ఆయన మొహంలోకి ఒకసారి చూశాడు. రాడ్డును తన మోచేతికి ఆనించుకున్నాడు. పిడి మోచేయి దాటలేదు, అక్కడికే ఆగిపోయింది. బల్ల మీది రెండు మేకుల మధ్య పెట్టి చూశాడు. ఈ అంగట్లో తయారైన ఒకే ముక్క పిడి ఏదైనా మగవాళ్ళ చేతికైతే మేకు నుంచి మేకుకు సరిపోతుంది. ఇది నాలుగు వేళ్ళు తక్కువ.

"ధర్మవరంలో ఇంత పొట్టి మూర మగోడు యాడుండాడు సెట్టీ?"

వెంకటరామయ్య కింద పడని తాడు చుట్టను వంగి సర్దాడు.

"చెయ్యి సాపు."

"ఎందుకప్పా..."

"సాపబ్బా!"

సాపాడు. ఇస్సాకు పిడిని ఆయన చేతికి ఆనించాడు. మోచేయి దాటి సరిగ్గా నాలుగు వేళ్ళు. కొలత తప్పితే కదా! తొమ్మిదేళ్ళ అబద్ధం ఆ చేతి మీద అట్లా బయటపడిపోయింది. తర్వాత వెంకటరామయ్యే మొదలుపెట్టి చెంబు సంగతి, అమ్మ సంగతి, చేతిలో చెయ్యి వేసిన సంగతి చెప్పాడు. పెళ్ళాంతో కూడా చెప్పని టకటక సంగతి కూడా చెప్పాడు.

ఇస్సాకు తలగీరుకున్నాడు. "మీయమ్మ గాలం ఎయ్యొద్దనింది. పిడి పట్టుకోవద్దని అనిందా?"

"అంటే?"

"గాలం నేనేస్తా. చేప తగిల్నాక నీ చేతికిస్తా. నువ్వు పట్టుకో, అంతే."

"ఇది మోసం కాదా అప్పా?"

"మోసమే. దాన్ని నా పేరు మింద ఏసుకో. కాలవకు నీళ్ళు ఇడుస్తాండారు, రిజర్వాయరు తగ్గతాండాది. పెద్ద కట్ల చేపలు ఇప్పుడు కట్ట దగ్గరికి వస్తాయి. ఇరవై దినాలే. తర్వాత నువ్వు పిలిచినా రావు."

వెంకటరామయ్య మూడు రోజులు ఆలోచించాడు. అమ్మ ఫోటో ముందు రెండుసార్లు నిలబడి, ఏమీ అడగకుండానే వచ్చేశాడు. నాలుగో రోజు పొద్దున్నే రాడ్డును నైలాన్ వల చుట్టలో పెట్టి కట్టాడు.

"యాడికండీ?" అంది కస్తూరి.

"ధర్మవరం ఆయన రాడ్డు ఇచ్చొస్తా."

"అబ్బో, ఇన్నాళ్ళకు దొరికినాడా ఆయన! మంచిదే, చిత్రాన్నం కట్టిస్తా. ఆయనకు గూడా చాలేట్టు" అంది. ఆ 'ఆయన'ను ఆమె పలికిన తీరుకు వెంకటరామయ్య చెప్పులు వేసుకునే నెపంతో తల దించుకున్నాడు.

ప్యాసింజరులో పెనుకొండ దిగేసరికి ఇస్సాకు బండి పెట్టుకుని ఉన్నాడు. దిగినప్పుడు కొండ కనపడింది. నలభై ఎనిమిదేళ్ళ కింద ఇదే స్టేషను బయట అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాడు. అవ్వ ఇల్లు ఇప్పుడు ఎవరిదో. చూడాలనిపించింది కానీ ఆగమని చెప్పలేకపోయాడు.

రిజర్వాయరు కట్ట రాళ్ళ మీద కూర్చున్నారు. ఇస్సాకు రాగి సంగటి, తవుడు, బెల్లం కలిపి ముద్ద చేశాడు. అందులో గాలం దాచి విసిరాడు. రాడ్డు కొనకు మేకలకు కట్టే చిన్న గంట ఒకటి తగిలించి, పంగల కర్ర మీద ఆనించాడు. ఆ గంట కూడా వెంకటరామయ్య అంగట్లోదే. ఎండ ఎక్కింది. చిత్రాన్నం తిన్నారు. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట ఒడ్డున తెల్లటి గీతలు ఉన్నాయి. వెంకటరామయ్య గంట మీద నుంచి చూపు తిప్పలేదు. రెప్ప వేస్తే పోతుందేమోనని భయం.

"ఎంతసేపప్పా?"

"నలభై ఏండ్లు ఉన్నోనివి, నలభై నిమిషాలు ఉండలేవా? గమ్మునుండు."

మధ్యాహ్నం దాటాక గంట ఒకసారి ఊగి ఆగింది. తర్వాత పిచ్చెత్తినట్టు మోగింది. ఇస్సాకు ఒక్క ఉరుకులో రాడ్డు అందుకుని వెనక్కి గుంజాడు. రాడ్డు వంగింది. రీలు కీచుమంది. "రా సెట్టీ! రా, బిరీన!"

పిడి చేతిలోకి వచ్చింది.

మొదటి గుంజుడుకే మోచేయి లెక్క గాల్లో కలిసిపోయింది. తొమ్మిదేళ్ళు కొలిచి కొలిచి పెట్టిన పిడి మోచేతి కింద నుంచి జారి, టేకు గుబ్బ వచ్చి బొడ్డు కింద గుచ్చుకుంది. పెద్ద చేపను మోచేతితో ఎవరూ ఆపరు, కడుపుతో ఆపుతారు. ఇన్ని వందల మందికి పిడులు కుదిర్చిన మనిషికి ఆ సంగతి ఆ క్షణందాకా తెలియదు. తెలిసినా లక్ష్యపెట్టే స్థితిలో లేడు. రెండు చేతులా పట్టుకుని, గుబ్బను కడుపుకు అదుముకుని, రాళ్ళ మీద మడమలు తన్ని నిలబడ్డాడు. కార్కులోంచి, పట్టు దారంలోంచి అది వచ్చింది. టక. టకటక. అదే తట్టడం, కాకపోతే ఈసారి తలుపు పగలగొట్టేట్టు.

"ఉండాది! ఇస్సాకూ, ఉండాది అప్పా, ఈడే ఉండాది!" అని అరిచాడు. మొహమంతా కన్నీళ్ళు.

"ఉండాది లే! దూరంగా పోతాండాది. దారం ఇడువు. రీలు మర వదులు చెయ్యి, పోనీ దాన్ని."

ఎన్నిసార్లు చెప్పాడు ఈ మాట తను! పెద్ద చేపకు దారం వదలాలప్పా, ఆడించాలప్పా, అలిసిపోయినాక అదే వస్తాది. బల్ల వెనక కూర్చుని ఎంతమందికి చెప్పాడో. ఇప్పుడు మర మీదికి చెయ్యి పోలేదు. వేళ్ళు పిడి వదల్లేదు. వదిలితే దూరమవుతుంది, దూరమైతే మళ్ళీ రాదు అని తప్ప ఆ చేతులకు ఇంకేమీ తెలియలేదు.

"ఇడువు సెట్టీ! నీకు దండం పెడతా, ఇడువు!"

నీళ్ళలో ఒకసారి వెడల్పాటి వీపు మెరిసింది. దారం టప్పుమంది. రాడ్డు నిటారుగా లేచింది. వెంకటరామయ్య వెల్లకిలా రాళ్ళ మీద పడ్డాడు. చేతిలో పిడి ఉంది. దానిలో ఏ కదలికా లేదు.

ఇస్సాకు వచ్చి లేపి కూర్చోబెట్టాడు. "పదైదు కేజీలు తక్కువుండదు" అన్నాడు. తర్వాత, "పోతే పోనీలే. పట్టుకున్న్యావు గదా" అన్నాడు.

"ఇడువలేకపోతినప్పా. అందరికీ చెప్తాంటిని. నేను మాత్రం ఇడువలేకపోతిని."

సాయంత్రం ఇల్లు చేరాడు. స్నానం చేసి వస్తుంటే కస్తూరి చూసింది. బొడ్డు కింద రూపాయి బిళ్ళకు నాలుగింతలు వెడల్పున నల్లగా కమిలి, అంచుల్లో ఎర్రగా ఉంది. ఆమె దగ్గరికి వచ్చి వేలితో తాకింది. మూలన ఆనించిన రాడ్డు గుబ్బను చూసింది. మళ్ళీ ఆ మచ్చను చూసింది.

"ధర్మవరం ఆయన బాగా పొడిచినట్టుండాడే" అంది.

వెంకటరామయ్య నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆమె పసుపు వేడి చేసి తెచ్చింది. రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే కస్తూరీ. తగ్గిపోతాది."

తగ్గకూడదనే ఆయన బాధ. మరుసటి రోజు అంగట్లో తాడు కొలుస్తూ, ఎవరూ చూడనప్పుడు చొక్కా మీంచి బొటనవేలితో అక్కడ నొక్కుకున్నాడు. నొప్పి వచ్చింది. నొప్పిలోంచి టకటక వచ్చింది. ఎండ, గంట, వెడల్పాటి వీపు, అన్నీ వచ్చాయి. మూడో రోజు మచ్చ ఊదారంగుకు దిగింది. ఐదో రోజు ఆకుపచ్చ. ఏడో రోజు పసుపు. రోజూ స్నానాల గదిలో అద్దం కిందికి దించి చూసుకునేవాడు. తొమ్మిదో రోజు ఎంత గట్టిగా నొక్కినా ఏమీ లేదు. అందరి కడుపుల మాదిరి కడుపు. ఆ రోజు అంగడి తెరవడం ఆలస్యమైంది.

ఆ మధ్యాహ్నమే ఇస్సాకు వచ్చాడు. జేబులోంచి నల్లటి రబ్బరు బుడిపె ఒకటి తీసి బల్ల మీద, రెండు ఇత్తడి మేకుల మధ్య పెట్టాడు.

"ధర్మవరంలో దొరికింది. మంచిది, మెత్తగా ఉండాది. నీ గుబ్బ పీకేసి ఇది ఎయ్యి సెట్టీ. పిడి గూడా ఒక జానెడు పొడుగు చెయ్యి. కడుపుకు ఎట్ల పొడిచిందో ఆపొద్దు సూస్తి గదా. నీళ్ళు ఇంకా నాలుగు దినాలు ఉంటాయి. పోదామా?"

వెంకటరామయ్య లేచి మూలనున్న రాడ్డు తెచ్చాడు. పట్టు దారం మీద చెయ్యి తిప్పాడు. టేకు గుబ్బను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత రబ్బరు బుడిపెను వేలితో ఇస్సాకు వైపు నెట్టాడు.

"పోదాం. ఇది మాత్రం వద్దప్పా."

"అదేం సెట్టీ? మళ్ల తగుల్తాది."

"తగలనీ. ఇంత మెత్తంది ఏసుకోని పోతే, చేప మళ్ల తెంపుకోని పోయినప్పుడు నాకేం మిగుల్తాది ఇస్సాకూ?"

ఇస్సాకు బుడిపె తీసి జేబులో వేసుకున్నాడు.